జమ 277, ఖర్చు 14

రాయవేలూరు అనగానే చిత్తూరు, నెల్లూరు వాళ్ళకి ఆస్పత్రి గుర్తొస్తుంది. స్కానింగుకీ రిపోర్టుకీ మధ్య ఖాళీ దొరికితే కోట చూసి, లాంగ్ బజారులో ఓ చుట్టు తిరుగుతారు. ఆ బజారులోనే గడియారపు గోపురం ఒకటుంది. దానికి ఓ రాయి పొదిగారు. ఆగి చదివితే సంగతి ఇది: ఈ గ్రామం నుంచి 277 మంది మహాయుద్ధానికి (మొదటి ప్రపంచ యుద్ధానికి) వెళ్ళారు, వారిలో 14 మంది ప్రాణాలు అర్పించారు.

అంతే. ఒక్క పేరు లేదు.

జమ 277, ఖర్చు 14, నిల్వ 263. వడ్డీ వ్యాపారి చిట్టా అయినా నయం, అందులో బాకీదారు పేరన్నా ఉంటుంది.

పైగా 'గ్రామం' అట! కోట, కంటోన్మెంటు, మునిసిపాలిటీ ఉన్న ఊరు గ్రామమెలా అయింది? దొరగారి దగ్గరున్న అచ్చు ఒక్కటే మరి. ఇక్కణ్ణుంచి పంజాబు దాకా ఎన్నో ఊళ్ళలో దాదాపు ఇదే వాక్యం చెక్కించారు. ఊరి పేరు, రెండు అంకెలు మారిస్తే నివాళి తయారు. అదీ ఇంగ్లీషులో. కొడుకుని పోగొట్టుకున్న తల్లి వచ్చి ఆ రాయి ముందు నిలబడి ఉంటే, ఆమెకి అర్థమయ్యేది దాని మీది పావురాల రెట్ట ఒక్కటే.

ఇక 'అర్పించారు' అన్న మాట. నెలకి పదకొండు రూపాయల సిపాయి, పటంలో కూడా చూడని దేశంలో, తనకి ఏ కీడూ చెయ్యని వాడి తూటాకి పడిపోతే అది అర్పణ! ప్రాణం తీసుకున్నవాడే రసీదు రాస్తే ఇలాగే ఉంటుంది.

చచ్చిన ప్రతివాడికీ పేరుండాలి, హోదా, జాతి, మతం అన్న తేడా ఉండకూడదు అన్నది 1917లో పుట్టిన సామ్రాజ్య యుద్ధ సమాధుల సంఘం వారి నియమం. మంచి నియమమే. 1929లో బాస్రాలో మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) మృతులకి వారే గోడలు కట్టారు. తెల్ల సిపాయిలకి పేర్లు చెక్కారు. మన అధికారులకీ చెక్కారు. మన మామూలు సిపాయిలకి మాత్రం రెజిమెంటు కింద అంకె వేశారు. రాయి ఖరీదు కదా! ఈ పక్షపాతానికి బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది, 2021లో.

అదే మెసొపొటేమియాలో బ్రిటిష్ జనరల్ టౌన్షెండ్ కూత్ పట్టణంలో తుర్కుల ముట్టడిలో చిక్కి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయాడు. పట్టుబడ్డవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. వేలమంది ఎడారి నడకలో, చెరలో రాలిపోయారు. జనరల్ గారిని మాత్రం ఇస్తాంబుల్ దగ్గర ఓ దీవిలో మర్యాదగా ఉంచారు. ఆయన కుక్కని క్షేమంగా ఇంగ్లండు పంపించారు. దాని పేరు స్పాట్. నూరేళ్ళు దాటినా కుక్క పేరు మనకి తెలుసు. వేలూరు పద్నాలుగు మంది పేర్లు చెప్పండి చూద్దాం.

కృతజ్ఞత లేదనకండి. యుద్ధం ఆగి ఆరు నెలలు తిరక్కముందే రౌలట్ చట్టం ఇచ్చారు, జలియన్‌వాలాబాగ్ ఇచ్చారు. రాళ్ళు కూడా ఇచ్చారు.

మరి మనం? వాళ్ళు తెల్లవాడి కోసం చచ్చారు, మనకేం సంబంధం అని చేతులు దులుపుకున్నాం. కానీ 1918లో పట్టాళంలో చేరండని ఖేడా జిల్లాలో ఊరూరా కాళ్ళరిగేలా తిరిగింది సాక్షాత్తూ గాంధీగారే. ఆయన బొమ్మ నోటు మీదుంది. వెళ్ళినవాళ్ళ పేరు రాతి మీద కూడా లేదు.

ఈసారి రిపోర్టు కోసం రాయవేలూరులో కూర్చోవలసి వస్తే, లాంగ్ బజారు దాకా వెళ్ళి ఆ రాయి చదవండి. మీ ఇంట్లో ముత్తాతో ఆయన తమ్ముడో 'పట్టాళంలో పోయాడు' అన్న మాట వినిపిస్తుంటే, ముసలివాళ్ళు బతికుండగానే ఆయన పేరు అడిగి కాగితం మీద రాసిపెట్టండి.