శాఖాధ్యక్షులవారి సముఖమునకు ఒక మేనమామ విన్నపము

అమెరికాలోని ఒకానొక విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్ర శాఖకు అధ్యక్షులును, బహుగ్రంథకర్తలును, విదేశీ విద్యార్థులయెడ తమకు గల అపారమైన అనుకంపకు తమ వసారాలో వ్రేలాడు నానాదేశ పతాకములే సాక్షులుగా గలవారును అగు ఆచార్యులవారి దివ్యసముఖమునకు, కాకినాడనుండి వ్రాయునది.

వీసా చింతతో నిద్రకు దూరమైన పిల్లలకు దీర్ఘశ్వాస నేర్పుటకై తాము ఇటీవల ఒక సభ నేర్పరచితిరనియు, అందు ఫలహారములు సైతము పెట్టించితిరనియు మా మేనకోడలు ఫోనులో చెప్పగా విని పరమానంద భరితులమైతిమి. ప్రాణాయామము నేర్చుకొనుటకై ఇల్లు తాకట్టు పెట్టి పిల్లను అంతదూరము పంపుచున్నామని ఆనాడు మాకు తెలియకపోయెను. అయ్యా, ఆ పిల్ల తమ్మడిగినది శ్వాస కాదు, సంతకము!

చదువు ఏ తేదీకి ముగియునో ధ్రువపరచు పత్రమది. ఉన్నది ఒక్క పుట. పేరు, నంబరు, కోర్సులు సమస్తమును తానే పూరించి పంపినది. మిగిలినది అడుగున తమ గడి యొక్కటే. అది నిండిననే గాని విదేశీ విద్యార్థుల కార్యాలయమువారు చదువు పిదప పని చేయనిచ్చు ఓపీటీకి సిఫారసుతో కొత్త ఐ-20 పత్రము ఇయ్యరు. అది లేనిదే దరఖాస్తునకు దారిలేదు. చదువు ముగిసిన 60 దినములలో ఆ దరఖాస్తు చేరకున్నచో, ఆ 12 నెలల ఓపీటీయు, దాని వెనుక స్టెమ్ చదువుల వారికి దక్కు 24 నెలలును, వానిని నమ్ముకొని తెచ్చిన అప్పును ఏమి కావలెను? కార్యాలయము నడుగుమని తాము సెలవిత్తురు. ఆచార్యుల నడుగుమని కార్యాలయమువా రందురు. చిలుకూరు బాలాజీ చుట్టు 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొన్నంతనే వీసా వచ్చినది, 108 చెల్లించి విమాన మెక్కినది. ఆ స్వామి పలికెను గాని తాము పలుకరైతిరి.

కష్టముగా నున్నచో ఒక కోర్సు వదలివేయుమని పోయిన సెమిస్టరులో సలహా యిచ్చినదియు తమరే కదా! ముందుగా విదేశీ విద్యార్థుల కార్యాలయపు అధికారియగు డీఎస్వో అనుమతి లేక కోర్సులు తగ్గినచో ఎఫ్-1 విద్యార్థి స్థితియే పోవునని ఆ పిల్లకు తెలియును గనుక బ్రతికిపోయినది. ఇంతకాలము శాఖ నేలిన తమకు తెలియవలదా?

2025 ఏప్రిలులో వేలమంది విదేశీ విద్యార్థులకు ప్రభుత్వపు సెవిస్ పట్టికలోని నమోదులు చెప్పాపెట్టక రద్దై, కోర్టులకెక్కిన పిదప గాని తిరిగి రాకపోయినది మొదలు, తెల్లవారి మెయిలు తెరచుటకే పిల్లలు వణకుచున్నారు. మరల వెళ్లనిత్తురో లేదోయని ఈమె అమ్మమ్మ సంవత్సరీకమునకు సైతము రాలేదు. ప్రభుత్వములను మార్చుమని తమ్మెవ్వ రడిగిరి? వాషింగ్టనులో తమ మాట చెల్లదని మే మెరుగుదుము. ఆ గడిలో చెల్లును.

ఇక వెటకారము వలదు. బాబూ, ఆ సంతకము చేయుడు. తీరిక లేకున్నచో ఎవరికి అప్పగించితిరో ఒక ముక్క వ్రాయుడు, వారి కాళ్లే పట్టుకొందుము. ఈ లేఖ వ్రాయవలదని ఆమె నాచేత ఒట్టు వేయించుకొన్నది, తమకు కోపము వచ్చునని. తప్పినవాడను నేను, ఆ కోప మేదో నాపై చూపుడు.

ఇట్లు,
ఒక మేనమామ