బోరు నీళ్లు, నల్లా నీళ్లు, ఒక రేజరు

ఆత్మకథ అన్నాక ‘నేను’ ఉండాలంటారు. ఈ రేజరుకు ఆ మాట అచ్చిరాదు. రోజూ పొద్దున అద్దంలో కనిపించేదీ, తనను తాను ‘నేను’ అనుకునేదీ ఎదుటి ముఖం. రేజరుది ఆ చెంపల మీద పది నిమిషాల కాపురం. అందుకే తన కథ తానే చెప్పుకుంటున్నా, ఇది తనను ‘రేజరు’ అనే పిలుచుకుంటుంది.

చిరునామా చెప్పాలి కదా. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులోకి మళ్లితే ఒక బాయ్స్ హాస్టల్. మూడో అంతస్తు, వాష్‌బేసిన్ పక్కన అద్దం కింది గూడు. ఇరుగుపొరుగు ఎవరంటే నలుగురి టూత్‌బ్రష్‌లు, మూత పోయిన కొబ్బరినూనె డబ్బా, ఎవరిదో తేలని దువ్వెన. ఆరున్నర కొట్టేసరికి అద్దం ముందు ఒకడు, వెనక ముగ్గురు. గ్రూప్స్‌కు చదివేవాడు, బ్యాంకు పరీక్షలవాడు, ఎస్‌ఐ కొలువు కోసం అప్పుడే పరుగు ముగించుకుని చెమటతో వచ్చినవాడు. అందరిదీ హడావిడే. హడావిడికీ ఈ రేజరుకూ చుక్కెదురు.

రేజరు ఒళ్లు ఇత్తడి, పైన క్రోమియం పూత. ఉన్నవి మూడే ముక్కలు: తల మీద టోపీ, దాని కింద పలక, పట్టుకోవడానికి పిడి. టోపీకీ పలకకూ నడుమ బ్లేడు పడుకుంటుంది. పిడి తిప్పితే మరలో బిగుసుకుంటుంది. మొత్తం బరువు 80 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఈ బరువు సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత గొడవంతా దాని మీదే.

యజమాని నకిరేకల్ వైపు కుర్రాడు. మొన్నమొన్నటి దాకా అయిదు బ్లేడ్ల క్యాట్రిడ్జి రేజరు వాడేవాడు. క్యాట్రిడ్జి ధర చూసి ఒక్కోదాన్ని రెండేసి నెలలు లాగేవాడు. దాంతో మెడ మీద ఎర్రటి పొక్కులు. ఒక ఆదివారం ఎల్బీనగర్‌లో ఉండే బాబాయి పట్టేశాడు.

“మెడకేందిరా గట్ల?”

“రేజరు బాబాయ్. అయిదు బ్లేడ్లది.”

“ఒక్క వెంట్రుకకు అయిదుగురెందుకురా?”

బాబాయి మాట ఎగతాళిగా అన్నా అందులో పస ఉంది. వరస బ్లేడ్లలో ముందుది వెంట్రుకను కొంచెం పైకి లాగితే వెనకది మరింత కింద తెంపుతుంది. తెగిన కొస చర్మం లోపలికి జారిపోతుంది. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకు ఆ కొస మళ్లీ బయటికి రాలేక లోపలే ముడుచుకుని పొక్కు కడుతుంది. 1971లో రెండు బ్లేడ్లతో మొదలైన ఈ పందెం 1998లో మూడుకు, 2006లో అయిదుకు చేరింది. రేజరు దీన్ని ఈర్ష్యతో చెప్పడం లేదు. సరే, కొంచెం ఈర్ష్య ఉంది.

ఎందుకంటే వంశం ఒకటే. 1895లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే సేల్స్‌మన్ ఒక పొద్దున మొద్దుబారిన మంగలికత్తి చేత పట్టుకుని, సాన పట్టే బాధ లేని పల్చటి రేకుతో గడ్డం గీసుకుంటే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆయన అమ్మేది సీసా మూతలు. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్, జనం వాడి పారేసి మళ్లీ మళ్లీ కొనేదేదో ఒకటి చెయ్యమని అప్పటికే ఆయన చెవిన వేసి ఉన్నాడు. అంత పల్చటి ఉక్కుకు పదును నిలవదని తెలిసినవాళ్లు తేల్చేశారు. నిలబెట్టింది ఎంఐటీలో చదివిన ఇంజనీరు విలియం నికర్సన్. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది రేజర్లే 90 వేలు దాటాయి. 1904 నవంబరు 15న పేటెంటు చేతికొచ్చింది. ఈ మూడు ముక్కల ఒళ్లు అప్పటి నుంచి పెద్దగా మారలేదు.

ఈ రేజరు కంటే ముందు హాస్టల్ గూట్లో దీనికి ఒక అన్న ఉండేవాడు. బాబాయి మాట విన్న వారంలోనే కుర్రాడు ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన రేజరది. చూడ్డానికి ధగధగ. ఒంట్లో ఉన్నది మాత్రం అచ్చుపోసిన జింకు మిశ్రమం. తడి చేతిలోంచి జారి గచ్చు మీద పడగానే టోపీకి ఉండే మర మేకు మొదలంటా విరిగింది. జింకు రేజర్లన్నీ చెడ్డవని కాదు. పేరున్న కంపెనీలూ తలకాయలు దానితోనే పోసి మంచి పూత వేస్తాయి. కానీ పూత లేచిన చోట జింకు తినేస్తుంది, కింద పడితే మర దగ్గర తెగుతుంది. ఇత్తడికి ఆ బెడద తక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు పూతే అక్కర్లేదు, ధర మాత్రం ఎక్కువ. కుర్రాడు రెండోసారి ఇత్తడి దగ్గర ఆగాడు.

ఇంకో రెండు సంగతులు బాబాయే చూసి చెప్పాడు. పలక అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటే అది వారం పెరిగిన గడ్డానికి. రోజూ, రోజు విడిచి రోజూ గీసుకునేవాడికి నున్నటి కడ్డీలాంటి అంచు చాలు. బ్లేడుకూ ఆ అంచుకూ మధ్య సందు ఎంత ఎక్కువైతే రేజరుకు అంత దూకుడు, కొత్త చేతికి సందు తక్కువదే మేలు. పిడి తిప్పగానే తలుపుల్లా తెరుచుకునే సీతాకోకచిలుక రకం కూడా ఉంది. బ్లేడు మార్చడం సులువే గానీ, ఆ తలుపుల కింద చేరిన సబ్బును కడగడం పెద్ద పని. మూడు ముక్కలదైతే విప్పి నల్లా కింద పెడితే సరి.

మొదటి రోజు యుద్ధమే జరిగింది. కుర్రాడికి క్యాట్రిడ్జి అలవాటు. అక్కడ ఒత్తితేనే పని. ఇక్కడా గడ్డానికి ఆనించి ఒత్తాడు. గవద కింద ఒకటి, పెదవి పక్కన రెండు గాట్లు. నురగలో ఎర్రటి గీతలు చూసి వెనక నిలబడ్డవాడు “అన్నా, పరీక్షకు పోతున్నవా, పోస్టుమార్టానికా?” అన్నాడు. నింద రేజరు మీద పడింది. “బేకార్ రేజరు” అన్న మాట గూట్లో ఉన్నవాళ్లంతా విన్నారు.

ఆ ఆదివారం రేజరు ఒక పాలిథిన్ కవర్లో ఎల్బీనగర్ చేరింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్: మూడు స్టేషన్ల ప్రయాణం. బాబాయి ముందు అద్దం దగ్గర స్టూలు వేసి, బకెట్లోంచి వేడినీళ్లు మగ్గులోకి వంచాడు. రెండు మూడు నిమిషాలు ముఖానికి వేడి తడి పట్టిస్తూనే ఉన్నాడు. ఎండు వెంట్రుక రాగి తీగలా మొండికేస్తుంది, నీళ్లు తాగితే మెత్తబడి సులువుగా తెగుతుంది. తర్వాత బ్రష్‌కు క్రీము అద్ది చెంప మీద గుండ్రంగా తిప్పాడు. కుర్రాడు నోరు తెరిచాడు. హాస్టల్లో అంతే క్రీముకు విరిగిన పాలలా తెల్లటి తుంపులు వచ్చేవి. ఇక్కడ మీగడలా నిలబడింది.

“క్రీము మార్చినవా బాబాయ్?”

“క్రీము గాదురా, నీళ్లు. మీ హాస్టల్ల బోరు. ఇది కృష్ణా.”

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బును పట్టుకుని కరగని మడ్డిగా మారుస్తాయి, నురగకు మిగిలేది కొంచెమే. హాస్టల్ నల్లా మూతికి కట్టిన తెల్లటి పెచ్చు కూడా ఆ కాల్షియం, మెగ్నీషియం పనే. ఈ రేజరు సందుల్లోనూ నెల తిరక్కుండా అదే పెచ్చు. నిమ్మచెక్కతో రుద్ది కడిగితే పోతుంది. 2004లో కృష్ణా నీళ్లు నగరానికి మొదటిసారి వచ్చినప్పుడు, నాగార్జునసాగర్ జలాలు కోదండాపూర్‌లో శుద్ధి అయి వంద కిలోమీటర్ల పైచిలుకు గొట్టాల్లో నడిచి ఈ తూర్పు కొసనే, సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌లో దిగాయి. నల్లా వచ్చే రోజు బాబాయి సంపు నింపుకుంటాడు, గడ్డానికి రెండు మగ్గులు ఖర్చుపెడతాడు.

ఈ నీళ్ల పాఠం పెద్ద కంపెనీలకూ ఆలస్యంగానే ఎక్కింది. జిలెట్ కంపెనీ భారతీయుల కోసం వెక్టర్ అనే రేజరు చేసినప్పుడు దాన్ని ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల మీద పరీక్షించింది. అందరూ బాగుందన్నారు. ఇక్కడికి తెస్తే జనం పెదవి విరిచారు. బోస్టన్‌లో ధారగా పారే నల్లా ఉంది, ఇక్కడ మగ్గులో నీళ్లు. మగ్గులో ముంచితే బ్లేడ్ల నడుమ ఇరుక్కున్న వెంట్రుకలు రావు. ఆ తర్వాత ఇళ్లకు వచ్చి, గంటల తరబడి మనవాళ్లు గడ్డం గీసుకోవడం చూసి, 2010లో ఒకే బ్లేడుతో గార్డ్ తెచ్చారు. అప్పట్లో రేజరు 15 రూపాయలు, క్యాట్రిడ్జి 5. ఒక్క బ్లేడు చాలని ఈ వంశంలో పాతకాలపువాళ్లు అంటూనే ఉన్నారు, ఎవరు విన్నారు?

మళ్లీ స్టూలు దగ్గరికి. బాబాయి కుర్రాడి చేతిలోంచి రేజరు తీసుకుని, పిడి కొసను రెండు వేళ్లతో మాత్రమే పట్టుకున్నాడు.

“గుంజకు. ఒత్తకు. దాని బరువు దానికున్నది, పోనియ్.”

టోపీని చెంపకు ఆనించి, పిడి నేలకు అడ్డంగా ఉంచి, మెల్లమెల్లగా కిందికి దించుతూ వచ్చాడు. ఒకచోట సన్నగా గరగర వినిపించింది. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల్లో తగిలిన చోటు అది. అక్కడ మణికట్టు బిగించి అంగుళం, అంగుళం. నాలుగుసార్లు గీసి తిప్పి రెండో అంచు, మళ్లీ మగ్గులో ముంచడం. చెంపల మీద వెంట్రుక కిందికి పెరుగుతుంది, అందరికీ తెలుసు. మెడ కింద ఎటు పెరుగుతుందో వేళ్లతో తడిమితేగానీ తెలియదు. కుర్రాడి మెడ మీద ఎడమ పక్క అడ్డంగా పెరుగుతోంది. ఇన్నాళ్లూ పొక్కులు లేచింది సరిగ్గా అక్కడే. మొదట వాలుకు ఒకసారి, నురగ మళ్లీ పూసి అడ్డంగా ఇంకోసారి, అంతటితో ఆపేశాడు బాబాయి. ఎదురు గీత నెల తర్వాత చూద్దామన్నాడు. చన్నీళ్లు, ఆపైన తడిపిన పటిక. పటిక చుర్రుమన్న చోటల్లా చెయ్యి ఒత్తిన చోటే. అది కూడా ఓ రకం ఆడిటే.

బ్లేడు గురించి చెప్పకపోతే కథ సగమే. మందం 0.1 మిల్లీమీటరు, పెళుసు పిల్ల. కుర్రాడు టోపజ్, సూపర్‌మ్యాక్స్, సెవెన్ ఓ క్లాక్ ఒక్కో ప్యాకెట్టు తెచ్చి ఒక్కోటి నాలుగేసి గడ్డాలు చూశాడు. ఒకడి చెంపకు వెన్నలా ఉన్నది ఇంకొకడికి రంపంలా ఉంటుంది, అడిగి లాభం లేదు. జపాన్ ఫెదర్ మహా పదును. మొదటి నెలలో దాని జోలికి పోకపోవడమే మంచిది. కిరాణా కొట్టు రకాలకు బ్లేడుకు రెండు మూడు రూపాయల నుంచి ఉంటుంది కాబట్టి ప్రయోగాలు భరించవచ్చు. ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది, మరి వెంట్రుకకు ఎందుకు ఓడుతుంది? 2020లో దీన్ని మైక్రోస్కోపు కింద చూసి చెప్పింది మళ్లీ ఎంఐటీవాళ్లే. వంగిన వెంట్రుక పక్కనుంచి తగిలితే, అంచులో ఉక్కు ఒకే తీరుగా లేని చోట సన్నటి పెచ్చు ఎగిరిపోతుందట. ఈ వంశానికీ ఆ కాలేజీకీ ఏదో రుణానుబంధం.

తెలుగులో బ్లేడుకు పేరు మాత్రం పాడైపోయింది. సుత్తి కొట్టే ప్రతివాడూ ‘బ్లేడు వేస్తున్నాడు’. 2008లో అల్లరి నరేశ్ సినిమాకు పేరే ‘బ్లేడ్ బాబ్జీ’. బస్టాండు రద్దీలో జేబు తెగితే పేరు బ్లేడుదే. దీని మంచి పనులు ఎవరికీ గుర్తుండవు: పెన్సిళ్లు చెక్కింది, దర్జీల కుట్లు విప్పింది, పల్లెల్లో మంత్రసాని చేతిలో బొడ్డుతాళ్లు కోసింది. హాస్టల్ కింది సెలూన్‌లో ఇప్పుడు మంగలికత్తి లేదు. కత్తిలాంటి పిడిలో సగానికి విరిచిన కొత్త బ్లేడు పెడతారు, గడ్డం అవగానే పారేస్తారు. ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటకూడదు కదా. అందుకే పక్క మంచం కుర్రాడు “అన్నా, ఒక్కసారి ఇయ్యవా?” అన్నప్పుడు, కొత్త బ్లేడు వేస్తానన్నా యజమాని ఇవ్వలేదు. రేజరు అతన్ని ఆ రోజు క్షమించింది.

వాడేసిన బ్లేడుది వేరే తలనొప్పి. పాతకాలపు అమెరికా ఇళ్లలో బాత్‌రూమ్ అలమర వెనక చిన్న చీలిక ఉండేది. బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడిపోయేది, ఇల్లు కూల్చిన రోజు గుట్టగా బయటపడేది. దిల్‌సుఖ్‌నగర్ గోడలో అంత చోటు లేదు. చెత్తబుట్టలో వదిలేస్తే పొద్దున ఆటోలో చెత్తను చేత్తో వేరుచేసేవాళ్ల వేళ్లు తెగుతాయి. కుర్రాడు మొదట్లో కాగితంలో చుట్టి పడేసేవాడు.

బాబాయి స్నానాల గదిలో మాత్రం పాత పాలపొడి డబ్బా ఒకటి ఉంది. మూత చుట్టూ టేపు, మధ్యలో చాకుతో కోసిన సన్నటి చీలిక. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ మార్చలేదట. ఇప్పటికి సగం కూడా నిండలేదు. ఆ ఆదివారం కుర్రాడు పిడి తిప్పి రేజరును మూడు ముక్కలు చేశాడు. బ్లేడును పొట్టి కొసల దగ్గర పట్టుకుని చీలికలో వదిలాడు. లోపల టంగుమంది. డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంటే బయటి నుంచి పిన్ని తలుపు బాదింది.

“గడ్డమేనా, పెండ్లికి తయారైతున్రా? నల్లా బంద్ అయ్యే టైమైంది!”

బాబాయి మగ్గు అందుకున్నాడు. కుర్రాడు టోపీ, పలక, పిడి కడిగి చొక్కా అంచుతో తుడిచాడు. చొక్కా అంచుతో తుడిచినందుకు రేజరు ఇంకా అలిగే ఉంది.