చిక్‌పేట పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

పట్టు చీర మెరుపు పట్టి చూడమ్మరో
ధరకు బెదరవద్దు తగ్గు కొంత
చేతి నేత సరకు సిల్కుమార్కున్నది
లాస్టు రేటు నాకు లాభమేది!

అవతారిక: బెంగళూరు చిక్‌పేటలో, తెల్లని పరుపు మీద చీరలు విప్పి పరుస్తూ తెలుగు వ్యాపారి పలికిన పద్యం. ధర్మవరం, హిందూపురం మగ్గాల సరకు చేరే అంగడి గనుక అక్కడ తెలుగుకు లోటు లేదు.

ప్రతిపదార్థం: అమ్మరో = ఓ తల్లీ (వయసుతో నిమిత్తం లేదు); పట్టుచీర మెరుపు = జరీ అంచు తళుకును; పట్టి చూడు = తాకి చూడుము; ధరకున్ = చీటీ మీది అంకెకు; బెదరవద్దు = జంకకుము; కొంత తగ్గు = ఎంతో చెప్పనంత తగ్గును; చేతినేత సరకు = చేమగ్గం మీద నేసినది; సిల్కుమార్కు ఉన్నది = పట్టు గుర్తు చీటీ కలదు; లాస్టు రేటు = తరువాతి రేటుకు ముందుది; నాకు లాభమేది = లాభము కలదు.

తాత్పర్యం: నాణ్యం, మెరుపు, చవక మూడూ ఈ ఒక్క చీరలోనే ఉన్నవి.

విశేషాలు: మెరుపు కంటికి తెలిసేది, దాన్ని చేత్తో పట్టి చూడమనడం చమత్కారం. పై మూడింటిలో అంగడి ఆఖరున వదులుకునేదీ మెరుపే. అసలు జరీ పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. టెస్టెడ్ జరీలో వెండికి బదులు రాగి ఉంటుంది. ప్లాస్టిక్ పొర జరీ ఇంకా చవక. దుకాణం దీపాల కింద ఈ తేడా పోల్చడం కష్టం. అంచు వెడల్పు తగ్గిస్తే మాత్రం చీర విప్పగానే తెలిసిపోతుంది. అందుకే ధర దించవలసి వస్తే అంచు కొలత అలాగే ఉండి లోపలి జరీ మారుతుంది. రకం చెప్పి అమ్మితే ఇందులో తప్పేమీ లేదు. ఏడాదికోసారి కట్టే చీరకు రాగి జరీ చాలు. చెప్పకపోతేనే మోసం.

మూడో పాదం అన్వయక్లిష్టం. బెంగళూరులోనే కొలువున్న కేంద్ర పట్టు మండలి 2004లో సిల్క్‌మార్క్ తెచ్చింది. ఆ చీటీ దారం అసలు పట్టేనని చెబుతుంది, అంతే. నేసింది చేమగ్గమో మరమగ్గమో చెప్పదు, జరీ ఊసెత్తదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. ఒకదాని సాక్ష్యాన్ని రెండోదానికి ఇప్పించడం కవి ప్రతిభ. చే-సి యతి కుదిరింది గాని ప్రమాణం కుదరలేదు.

నాలుగో పాదంలో ఉన్నది ప్రశ్న కాదు, కాకువు. పొద్దుటి ప్రతులలో ‘బోణి బేరమమ్మ’ అని పాఠాంతరం. యతి చెడుతుంది, బేరం కుదురుతుంది.