వాల్వు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. వాల్వు వెలుగగానె వాయించబోకురా
స్విచ్చునార్పినాక చెయ్యిడకుము
గుయ్యిమన్నదెల్ల గోడ కరెంటేను
ఒక్క బోల్టుకెల్ల నొప్పగింపు

అవతారిక: ఇంట్లో వాల్వు గిటార్ ఆంప్లిఫయర్ కట్టుకుంటూ షాక్ తిన్న పూట చెప్పిన పద్యం. కవీ టీకాకారుడూ ఒక్కరే కావడంతో అర్థభేదాలు తక్కువ.

ప్రతిపదార్థం: వెలుగగానె = ఫిలమెంటు ఎర్రబడీ పడగానే; స్విచ్చునార్పినాక = ప్లగ్గు పీకేసిన తరువాత సైతం; చెయ్యి ఇడకుము = చాసిస్‌లో వేలు పెట్టకు; ఎల్లన్ = గ్రౌండు తీగలన్నిటినీ; ఒప్పగింపు = పేచీ లేకుండా అప్పగించు.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: మాతృక కాలిఫోర్నియా ఫుల్లర్టన్‌లో ఫెండర్ వారు 1950ల చివర చేసిన 5ఎఫ్1 చాంప్. మూడే వాల్వులు. 5వై3 ఏసీని డీసీ చేస్తుంది, 12ఏఎక్స్7 గిటార్ గొంతు పెంచుతుంది, 6వీ6 స్పీకర్‌ను కదుపుతుంది. మొత్తం ఐదు వాట్లు. పై ఫ్లోరు వాళ్లు కిందికి దిగిరావడానికి అది చాలు.

క్యాథోడు కాగేదాకా శబ్దం రాదు గనుక మొదటి పాదం. స్టాండ్‌బై స్విచ్ ఉండి తీరాలని కొందరి వాదం. చాంప్‌లో అది లేనే లేదు, పూర్వపక్షం వీగింది.

ఆన్‌లో ఉండగా ముట్టకు అనాలి గానీ ఆర్పినాక అనడమేమిటి? విరోధాభాసం. 16, 8, 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు మూడు వందల పైచిలుకు వోల్టులు కడుపులో దాచుకుంటాయి. వాల్వులు పీకేసి ఉంటే ఆ చార్జీ దిగడానికి దారి ఉండదు. 220 కిలో ఓముల బ్లీడర్ రెసిస్టరు వేస్తే అర నిమిషంలో చాలావరకు దిగుతుంది. అయినా మీటరు పెట్టి చూశాకే వేలు. నా స్క్రూడ్రైవరు కొసన నల్లటి గుంట ఒకటుంది, ఈ పాదానికి అదే ప్రమాణం.

మూడో పాదం చివర సంధి చేయలేదు. కలిపితే షార్ట్ అవుతుందని కవి భయం. ఇక గుయ్యిలో రెండు రకాలు. 50 హెర్ట్జ్‌లో మూలిగితే ఫిలమెంటు తీగలు సరిగా మెలిపెట్టలేదనో, గ్రౌండు తిరకాసుగా ఉందనో అనుమానించాలి. 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్ని చూడాలి. పోల్చడం సులువు: మందపాటి ఆరో తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కితే పలికేది 98, దానికి ఇసుమంత పైన ఉంటే వంద. అమెరికా ప్రతుల్లో 60, 120 అని పాఠాంతరం.

నాలుగో పాదంలో ‘ఎల్లన్’ అతిశయోక్తి. గోడ నుంచి వచ్చే ఎర్తు తీగకు చాసిస్ మీద విడిగా సొంత బోల్టు ఉండాలి, ఇందులో రాజీ లేదు.

ఇంత చేసినా నాది గుయ్‌మంటూనే ఉంది. గిటార్ మీది వాల్యూమ్ సున్నా చేస్తే ఆగింది. అంటే దోషం ఆంప్లిఫయర్‌ది కాదు, గదిలోని పాత చోకు ట్యూబ్‌లైటు గోలను పికప్ పట్టుకుంటోంది. లైటు ఆర్పేశాను. ఇప్పుడు 6వీ6 వెలుగులోనే సాధన, మూడో ఫ్రెట్ ఏదో తడుముకోవాల్సి వస్తోంది.