తాలు లెక్క

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ బస్తా కోసి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుంటే చాలు, రకం తెలిసిపోతుంది: తేజ, 334, బ్యాడిగి. తెల్లబోయింది తాలు. చిక్కంతా మనుషులతోనే. చిలకలూరిపేట దగ్గర మా వీధి కుర్రాడు ఏ రకమో నాలుగేళ్లుగా తేలడం లేదు.

పత్తి డబ్బులతో ఇంజనీరింగ్ చదివాడు. పెళ్లిళ్ల పేరయ్యకు వాడి పేరుతో పనిలేదు, "పన్నెండు లక్షలు" అంటే గుర్తుపడతాడు. పన్నెండెకరాల మిరప సాగు చేసే కుర్రాడంటే మాత్రం ఫోన్ పెట్టేస్తాడు.

మావాడిది ఇంటినుంచి పని. కళ్లం పక్కన వేపచెట్టు కింద వాళ్లమ్మ తాలు ఏరుతుంటే, వీడు మంచం మీద మీటింగులో ఉంటాడు. ఘాటుకి తుమ్మొస్తే మ్యూట్ నొక్కుతాడు. సాయంత్రం టీ కొట్టుకెళ్లేటప్పుడు మెడలో కంపెనీ ట్యాగు వేసుకుంటాడు. అక్కడ గేటూ లేదు, వాచ్‌మనూ లేడు!

మొన్న కంపెనీ సర్వే పంపింది: మీ ఎంగేజ్‌మెంటుకు పదికి ఎన్ని మార్కులు? ఆ మాట చెవినపడి నాయనమ్మ లేచి కూర్చుంది. "ఏ ఊరి సంబంధంరా అబ్బాయా?" వీడు తొమ్మిది కొట్టాడు. మూడు కొడితే మేనేజరు పిలుస్తాడట. గ్యాలప్ సర్వే లెక్కలో 2024లో ప్రపంచం మొత్తమ్మీద మనసుపెట్టి పనిచేసేవాళ్లు నూటికి 21 మందేనట. ఇలాంటి తొమ్మిదులు తీసేస్తే ఎందరు మిగులుతారో!

పైన పెద్దల పనిగంటల వేలంపాట ఒకటి. 2023లో నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరికల్లా ఎల్ అండ్ టీ ఛైర్మన్ పాట 90కి పెంచారు. ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. అయ్యా, ముందు ఆ ముఖం దొరకనివ్వండి. పేరయ్య ఇప్పుడు పద్దెనిమిది లక్షలంటున్నాడు.

ఏడాది చివర కంపెనీ రేటింగులకు బెల్ కర్వ్ అనే జల్లెడ. పంట ఎంత బాగున్నా నూటికి ఇందరు తాలుగా తేలాల్సిందే. వాళ్లమ్మకు ఆ విద్య రాదు. తాలు లేని రాశిలో తాలు లేదనే అంటుంది.

2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని రేటు కట్టింది. యార్డులో తాలుకీ కొనేవాడున్నాడు. మా కుర్రాడి టీములో ఇద్దర్ని పోయిన నెల తీసేశారు. సర్వేలో వాళ్లూ తొమ్మిదే కొట్టారు.