ఏడు శాల్తీల బాబాయి

మా బాబాయికి ఆటో పడదు. ఎక్కితే కడుపులో తిప్పుతుందని కాదు, దిగేటప్పుడు డబ్బులివ్వాలి కదా, అక్కడ పడదు. అలాగని పిసినారి అనుకునేరు. మనవడి పుట్టినరోజుకి ఉంగరం చేయించే మనిషి. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో అతను "చందానగర్, అయిదొందలు" అన్నాడా, "నేనడిగింది కిరాయి నాయనా, బండి ఖరీదు కాదు" అంటాడు. పోనీ నేను కారు తెస్తానంటే "పెట్రోలు మీ మావగారు పోయిస్తున్నాడేంటి?" అంటాడు. అక్కడితో ఆ మాట అయిపోతుంది.

అసలాయన సికింద్రాబాద్‌లో దిగాల్సిన పనే లేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ సామర్లకోటలో ఎక్కించుకుని తిన్నగా లింగంపల్లిలో దింపుతుంది. అక్కణ్ణుంచి మా ఇల్లు ఎంతో దూరం లేదు. కానీ బాబాయి గోదావరి తప్ప ఎక్కడు. 1974లో ఆ బండి వేసినప్పట్నుంచీ తనది అదేట. "గౌతమి కాకినాడోళ్ళ బండిరా, మనకెందుకు?" కాకినాడకీ సామర్లకోటకీ మధ్య పట్టుమని ఇరవై కిలోమీటర్లుండవు.

దిగగానే మొదటి పని లెక్క. చక్రాల్లేని సూట్‌కేసు (చక్రాలు సోమరిపోతులకట), బియ్యం మూట, ఆవకాయ టిన్ను, రెండు బిగ్ షాపర్లు, గోనెసంచిలో పనసకాయ, పాత చీరముక్క చుట్టిన కత్తిపీట. "ఏడు శాల్తీలు, మీ పిన్నితో ఎనిమిది." ఈ లెక్కకి నొచ్చుకోవడం పిన్ని ఎప్పుడో మానేసింది. బియ్యం మూట మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీస్తుంది.

కత్తిపీట దేనికంటే, మా ఇంట్లో ఉన్నది చాకు. చాకుతో పనసపొట్టు కొడితే అది కూర కాదని బాబాయి తీర్పు. ఆ కత్తిపీట వల్లే మెట్రో యోగం తప్పిపోయింది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కండి, అమీర్‌పేటలో మారండి, మియాపూర్‌లో దిగండని ఫోన్లో నేను పాఠం చెప్పాను. స్కానర్ తెర మీద కత్తిపీట కనబడింది. "ఇదేంటి సార్?" అందట సెక్యూరిటీ అమ్మాయి. పట్నం పిల్ల, పాపం ఎరగదు కాబోలని బాబాయి జాలిపడి, గుడ్డ విప్పి, అక్కడే చతికిలబడి, ఎలా తరుగుతారో చూపించబోయాడట. తరవాతేం జరిగిందో పిన్ని చెప్పదు, చెప్పబోయి నవ్వుతుంది.

బస్సూ అయింది. పటాన్‌చెరు వెళ్ళే 219. పిన్నినీ సామాన్లనీ ముందు తలుపులోంచి ఎక్కించి, తను వెనక నుంచి ఎక్కి, జనం తలల మీదుగా కేక: "ఏమే, ఏడూ ఉన్నాయా?"

"ఆరేనండీ!"

"నువ్వు లేచి చూడు!"

పైగా తెలంగాణలో ఆడవాళ్ళకి సిటీ బస్సు ఉచితమని 2023 డిసెంబర్లో విన్నప్పట్నుంచీ పిన్నిని ఖర్చుల పద్దులోంచి కొట్టేసి ఉంచాడు. తీరా కండక్టరమ్మ ఆధార్ చూసి, ఇక్కడి అడ్రసు ఉంటేనే అంది. రాష్ట్రం విడిపోయిన రోజున కూడా బాబాయి అంత బాధపడలేదు.

ఇక మిగిలింది ఎంఎంటీఎస్. కనీస టికెట్టు అయిదు రూపాయలు. ఆ అయిదు అనే అంకె కోసం తరవాతి బండికి ఎంతసేపైనా ప్లాట్‌ఫారం మీద కూర్చుంటాడు. రైల్లో ఆయన పద్ధతే వేరు. సాయం చెయ్యమని ఎవర్నీ అడగడు. బియ్యం మూటని మోకాలి దాకా ఎత్తి, "అమ్మా" అని ఒక్కసారి అంటాడు. అంతే, ముగ్గురు కుర్రాళ్ళు లేస్తారు. బేగంపేట వచ్చేసరికి పనసకాయ ఒకడి ఒళ్ళో, ఆవకాయ టిన్ను ఇంకొకడి కాళ్ళ మధ్య. భరత్‌నగర్ దాటేలోపు వాళ్ళ ఊళ్ళూ, జీతాలూ, పెళ్ళెందుకు కాలేదో ఆ కారణాలూ. హైటెక్ సిటీలో వాళ్ళు దిగాలి. బదిలీ అయిన గుమాస్తా చార్జి అప్పగించినట్టు, ఒక్కొక్కడూ తన శాల్తీని పక్కవాడికి ఒప్పజెప్పి మరీ దిగుతాడు. "పక్కకి వంచకు బ్రో, నూనె కారుద్ది."

అదే రైల్లో నేను రోజూ ఆఫీసుకి వెళ్తాను. నా బ్యాగు ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

మొన్న చందానగర్ ప్లాట్‌ఫారం మీద నుంచున్నాను. బండి ఇట్టే ఆగి ఇట్టే కదులుతుంది కదా, ముక్కూమొహం తెలియని నలుగురు తలుపు దగ్గర వరసకట్టి సామాన్లు అందించేశారు. పిన్ని దిగింది, బాబాయి దిగాడు, బండి వెళ్ళిపోయింది. లెక్క మొదలైంది.

"ఎనిమిది."

"పిన్నితో కదా బాబాయ్."

"మీ పిన్నిని కలపలేదురా ఇంకా."

ఎనిమిదోది నల్లటి లాప్‌టాప్ బ్యాగు. ఎవరిదో తేలక, కదలకుండా అక్కడే కూర్చున్నాం. కాసేపటికి ఓ కుర్రాడు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. లింగంపల్లిలో దిగబోతూ చూసుకున్నాట్ట. బాబాయి బ్యాగు చేతికిచ్చి, మూట మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ పోయించి, మెల్లిగా అడిగాడు.

"ఎలా వచ్చావు నాయనా?"

"ఆటోలో అంకుల్."

"ఎంతిచ్చావు?"

"ఎనభై."

బాబాయి మొహం మాడిపోయింది. "రైల్లో అయితే అయిదు రూపాయలే కదయ్యా!"