కుతుబు చూచి వత్తు

అవతారిక

ఈ పద్యం పుట్టిన చోటు ఢిల్లీ విమానాశ్రయం, మూడో టెర్మినల్. హైదరాబాదు విమానం మమ్మల్ని పగలు పదకొండింటికి దింపేసింది. అమెరికాలో ఉన్న అమ్మాయి దగ్గరికి తీసుకుపోయే విమానం రాత్రి పదింటికి. ఈ నడిమి కాలాన్ని లేఓవర్ అంటున్నారు. మన భాషలో దీనికి దగ్గరి మాట మజిలీ. పూర్వం కాశీకి పోయేవాడు దారిలో సత్రం అరుగు మీద కండువా పరుచుకుని పడుకునేవాడు.

కవి విశ్రాంత తెలుగు పండితుడు. వ్యాఖ్యాతా ఆయనే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం ఏం మర్యాద అంటారా? ఇంకెవరైనా రాస్తారేమోనని ముప్పయ్యేళ్ళు ఎదురుచూశాను. బోర్డింగ్ పాసు వెనక ఖాళీ ఎంత ఉందో పద్యం అంతే ఉంది.

నడుమ గంట లెన్నొ నాకుఁ జిక్కెను గాన
కుతుబు చూచి వత్తు కునుకు మాని
గడియ గడియ కేను గడియార మరయుచు
మాట తప్పకుండ మరలి వత్తు

టీక

నడుమన్ = ఒక విమానం దింపేసి ఇంకొకటి ఎక్కించుకోని వేళ; గంటలు ఎన్నొ = లెక్క వేయకముందు చాలా గంటలు; నాకున్ = మోకాళ్ళు ఇంకా మాట వింటున్న నాకు; చిక్కెను కాన = దొరికినవి గనుక; కుతుబు = కుతుబ్ మినారును; చూచి = కళ్ళతో కొంత, ఫోనుతో ఎక్కువ చూసి; వత్తు = వస్తాను; కునుకు మాని = ఉక్కు కుర్చీలో ఎలాగూ పట్టని నిద్రను త్యాగం చేసినట్టు చెప్పుకుని; గడియ గడియకు = మాటిమాటికి; ఏను = నేను; గడియారము అరయుచు = చేతి వాచీని, అది తప్పేమోనని ఫోనును, రెండూ తప్పేమోనని పక్కవాడి మణికట్టును చూస్తూ; మాట తప్పకుండ = ఎవరికిచ్చిన మాటో ముందు తెలుస్తుంది; మరలి వత్తు = తిరిగి వస్తాను.

తాత్పర్యం

చాలా సమయం ఉంది కాబట్టి కుతుబ్ మినార్ చూసి వేళకు వచ్చేస్తాను అని భావం. ఇంత తేలిక పద్యానికి వ్యాఖ్య దేనికంటే, తేలిక పద్యాలకే వ్యాఖ్యలు పొడుగ్గా ఉండటం మన ఆచారం.

విశేషాలు

‘ఎన్నొ’: ఎన్నో అని దీర్ఘం ఉండవలసిన చోట హ్రస్వం పడింది. గణం కోసం కవి కక్కుర్తి పడ్డాడని ఆక్షేపణ. సమాధానం లెక్కలో ఉంది. మొత్తం పదకొండు గంటలు. విదేశీ విమానానికి మూడు గంటలు ముందుండాలి, ఎనిమిది. దిగి బయటపడేసరికి ఒకటి, ఏడు. భోజనం, ఆరు. మెట్రోలో పోను గంటన్నర, రాను గంటన్నర, మూడు. భయం పద్దు కింద ఒకటి పక్కన పెట్టగా మిగిలినవి రెండు. పదకొండు చూసినవాడు ‘ఎన్నో’ అంటాడు. రెండు చూసినవాడి నోట దీర్ఘం ఎలా వస్తుంది?

‘చిక్కెను’: గంటలు నాకు చిక్కాయా, నేను గంటలకు చిక్కానా అని శంక. టెర్మినల్ కుర్చీల్లో తలలు వాల్చేసిన జనాన్ని చూస్తే రెండో అర్థమే బలంగా కనిపిస్తుంది. వ్యాకరణం ఒప్పుకోదు.

‘కుతుబు’: అరబ్బీలో ఇరుసు, ధ్రువం. ఉర్దూలో దిక్సూచిని కుతుబ్‌నుమా అంటారు. మినారుకు ఈ పేరు, దాన్ని మొదలుపెట్టిన కుతుబుద్దీన్ ఐబక్‌ను బట్టి వచ్చిందని కొందరు, అదే మెహ్రౌలీలో దర్గా ఉన్న సూఫీ గురువు కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీని బట్టి వచ్చిందని కొందరు. తెలుగువాడికి మాత్రం ఆ మాట వినగానే గోలకొండ గుర్తుకు రావాలి. అద్దంకి గంగాధరుడి తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్న ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని తెలుగు చేసేసుకున్నారు. ఈ సంగతులన్నీ ముప్పయ్యేళ్ళు తరగతిలో చెప్పిన కవి, హైదరాబాదులో అన్నేళ్ళూ ఉండి, ఒక్కనాడూ చార్మినారు ఎక్కలేదు. ఊళ్ళో దానికి రేపు అనేది ఉంటుంది. లేఓవర్‌లో దానికి ఉండదు.

ఇక్కడ దారి గురించి ఒక మాట. విమానాశ్రయం మెట్రోలో ధౌలా కువాఁ దగ్గర దిగి, కిలోమీటరుకు పైగా పొడవున్న ఆకాశవంతెన మీద, కాళ్ళ కింద బాటే జరుగుతుండగా, గులాబీ లైను స్టేషనుకు చేరాలి. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళా సభను పెట్టినావిడ, రాజ్యాంగ సభలో కూర్చున్నావిడ. ఆ తర్వాతి స్టేషను విశ్వేశ్వరయ్య మోతీబాగ్. 1908 మూసీ వరద తర్వాత మళ్ళీ అలాంటిది రాకుండా హైదరాబాదుకు ఉపాయం చెప్పిన ఇంజనీరు ఆయనే. మరి రెండు స్టేషన్లకు సరోజినీ నగర్, అంటే హైదరాబాదు సరోజినీ నాయుడు. ఢిల్లీలో చుట్టాలెవరూ లేరని కవి బెంగపడ్డాడు గాని, నాలుగు స్టేషన్లలో ముగ్గురు తగిలారు. ఐఎన్ఏ దగ్గర పసుపు లైనుకు మారితే కుతుబ్ మినార్ స్టేషను. అక్కణ్ణుంచి ఆటో. ఆటో అతను అడిగింది, కవి ఇచ్చింది ఈ వ్యాఖ్యకు అప్రస్తుతం.

‘చూచి వత్తు’: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘చూచి’ క్త్వార్థకం, అసమాపక క్రియ. ‘వత్తు’ సమాపక క్రియ. వాక్యం బరువంతా వత్తు మీదే. చూడటం దారిలో జరిగే పని, రావడమే అసలు పని. తెలుగువాడు గుమ్మం దాటుతూ వెళ్తాను అనడు. ఆ వేళ మా ఆవిడ మోకాలి నొప్పితో సంచుల దగ్గరే ఉండిపోతానంది. నేను లేచి “మరి నే వెళ్తా” అన్నాను. “వెళ్ళొస్తా అనండి” అంది. అన్నాను. క్త్వార్థ ఇకారానికి సంధి లేదని బాలవ్యాకరణం. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నా చేత ఆ సూత్రం రోజుకు రెండుసార్లు ఉల్లంఘింపజేసింది. వెళ్ళడానికీ రావడానికీ మధ్య సందు ఉండకూడదని ఆవిడ వ్యాకరణం.

ఇప్పుడు ‘చూచి’ ఎంతవరకు సిద్ధించిందో చూద్దాం. మినారు 72.5 మీటర్లు. పన్నెండో శతాబ్దం చివర ఐబక్ మొదలుపెట్టి ఒక అంతస్తుతో ఆపాడు. అల్లుడు ఇల్తుత్‌మిష్ మూడు అంతస్తులు లేపాడు. 1369లో పిడుగు పడి పై భాగం దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయిస్తూ దాన్ని రెండు అంతస్తులు చేశాడు. కింది అంతస్తులో కోణం ఒకటి, గుండ్రన ఒకటి చొప్పున పట్టీలు. రెండోదాంట్లో అన్నీ గుండ్రన. మూడోదాంట్లో అన్నీ కోణాలు. మూడు పాదాలకు మూడు రకాల గణాలు పెట్టినట్టుంది. పైన పాలరాయి కలిసేసరికి ఛందస్సే మారిపోయింది. ఒకే కవి రాసిన కావ్యం కాదని కింద నిలబడి చెప్పేయొచ్చు, మన భారతంలాగే.

దీనికి ప్రక్షిప్తం కూడా ఉంది. 1803 భూకంపంలో శిఖరం పడిపోతే, రాబర్ట్ స్మిత్ అనే ఇంజనీరు దొర 1828లో తన రుచి కొద్దీ ఒక గుమ్మటం చేసి పైన పెట్టాడు. చూసినవాళ్ళంతా నవ్వారు. 1848లో గవర్నర్ జనరల్ హార్డింజ్ దాన్ని దింపించాడు. ఇప్పటికీ పచ్చికలో కూర్చుని ఉంది. ప్రక్షిప్త పద్యాన్ని తీసి అధోజ్ఞాపికలో వేయడం పరిష్కర్తల పద్ధతి. ఇంత చక్కని అధోజ్ఞాపిక నేను ఏ ముద్రణలోనూ చూడలేదు.

లోపల 379 మెట్లున్నాయి. ఎక్కనివ్వరు. 1981 డిసెంబరులో లోపల దీపాలు ఆరిపోయి జరిగిన తొక్కిసలాటలో 45 మంది పోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటినుంచి తలుపు మూసి ఉంది. ఈ వాక్యానికి వ్యాఖ్య లేదు.

ఎదురుగా అలాయీ మినార్. కుతుబ్‌కు రెట్టింపు ఎత్తు కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ సంకల్పం. మొదటి అంతస్తు, 25 మీటర్లకు కాస్త తక్కువ, మాత్రమే లేచింది; 1316లో ఆయన పోయాడు. గరుకు రాళ్ళ దిమ్మ ఒకటి మిగిలింది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. కట్టి, లేపి, నిలిపి, అని క్త్వార్థకాలు వరసగా పేర్చుకుంటూ పోయి సమాపక క్రియ దొరక్క ఆగిపోయిన వాక్యం అది. వాచీ చూసుకున్నాను. నా ‘వత్తు’కు ఇంకా నలభై నిమిషాలుంది.

‘మాట తప్పకుండ’: దీని కింద ధ్వని చెప్పాలి. మాట ఇచ్చి, పోయి, మరలి రావడమనగానే అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం స్ఫురిస్తుంది. దూడకు పాలిచ్చి వస్తానని పులిని ఒప్పించి పోయిన ఆవు, అన్నమాట ప్రకారం తిరిగి వచ్చి పులి ముందు నిలబడింది. ఇక్కడ ఆవు కవి. పులి విమానం. రాత్రి పదింటికి నీ నోటికందుతానని అది ముద్రించి ఇచ్చిన కాగితం జేబులో ఉంది. ఉపమ అక్కడిదాకా బాగానే నడుస్తుంది, తర్వాతే కుంటుతుంది. ఆ పులి ఆవు సత్యానికి మెచ్చి వదిలిపెట్టింది. ఈ పులి మాట నిలబెట్టుకున్నవాణ్ణి మింగి పదిహేను గంటలు కడుపులో పెట్టుకుంటుంది, మాట తప్పినవాణ్ణే వదిలేస్తుంది.

ఈ పులి ధ్వని వ్యాఖ్యాత లాగిపీకి చెప్పింది కాదనడానికి ఆ ఆవరణలోనే సాక్ష్యం నిలబడి ఉంది. మసీదు ప్రాంగణంలో ఇనుప స్తంభం: ఏడు మీటర్ల పైన ఎత్తు, ఆరు టన్నుల పైన బరువు, పదహారు వందల ఏళ్ళ వయసు. ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ ఉండటంతో పైన సన్నని పొర ఏర్పడి తుప్పును ఆపిందని ఐఐటీ కాన్పూరు ఆచార్యుడు బాలసుబ్రహ్మణ్యం తేల్చాడు. దాని మీద గుప్తుల నాటి బ్రాహ్మీ లిపిలో ఆరు పంక్తుల సంస్కృత శాసనం, చంద్రుడనే రాజు మీద. రెండో చంద్రగుప్తుడే అని ఎక్కువమంది పండితుల మాట. విష్ణుపదమనే కొండ మీద విష్ణువుకు ధ్వజంగా నిలిపిన స్తంభమట. కొండ మీద ఉండవలసింది ఎవరి చేతనో దిగి, మెహ్రౌలీ చేరి, ఇక్కడే నిలిచిపోయింది. దీని లేఓవర్ ముందు నా పదకొండు గంటలు ఏపాటి?

అసలు సంగతి: ఆ ఆరు పంక్తులూ మూడు శ్లోకాలు, మూడూ శార్దూల విక్రీడితాలు. శార్దూలమంటే పులి కదా! బ్రాహ్మీ నాకు చదవరాదు. గోడకు బిగించిన పలక మీద పాఠం పట్టుకుని, మ స జ స త త గ అని వేళ్ళ మీద గణాలు కట్టుకుంటూ, పందొమ్మిదో అక్షరం దగ్గర సరిపోయిందా లేదా అని మళ్ళీ మొదటికి వచ్చి, అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా వేళ్ళు చూసి పక్కనున్న కుర్రవాడొకడు డబ్బు పోయిందా అంకుల్ అని హిందీలో అడిగాడు. పూర్వం ఆ స్తంభానికి వీపు ఆనించి చేతులు వెనక్కి చుట్టి వేళ్ళు కలిపితే కోరిక తీరుతుందని నమ్మకం. 1997లో చుట్టూ కంచె వేశారు. కాబట్టి కోరిక పైకి చెప్పలేదు.

‘గడియ గడియకు గడియారము’: ఇక్కడ కవి అబద్ధమాడాడు. శార్దూలం దగ్గర ఒక్కసారి కూడా వాచీ చూడలేదు. చూసేసరికి మినారు చుట్టూ ప్రదక్షిణకు వేళ లేదు, ఇల్తుత్‌మిష్ సమాధికి లేదు, ఫోనులో ఫొటోలకూ లేదు. ఆటో, పసుపు లైను, గులాబీ లైను, జరిగే బాట మీద పరుగు. దుర్గాబాయమ్మకు నమస్కారం కూడా పెట్టలేదు. టెర్మినల్ గుమ్మం దగ్గర సైనికుడికి టిక్కెట్టు చూపించేసరికి ఆరు దాటి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ భయం పద్దులోంచి వాడుకున్నాం.

‘మరలి వత్తు’: రెండో పాదంలో వత్తు ఉండగా నాలుగో పాదంలో మళ్ళీ వత్తు. పునరుక్తి దోషమని పూర్వపక్షం. మొదటి వత్తు విమానానికి చెప్పింది, రెండోది మా ఆవిడకు చెప్పింది, కాబట్టి దోషం లేదని సమాధానం రాసి పెట్టుకున్నాను. చదివి వినిపించాను.

ఆవిడ సున్నుండల డబ్బా మూత పెడుతూ, “ఏం చూశారేమిటి?” అంది.

చెప్పాను: ఇనుప స్తంభం, మూడు శార్దూలాలు. మినారు ఎలా ఉందంటే, పొడుగ్గా ఉందన్నాను.

“అయితే చూచి అని ఎలా రాశారు? చూడ వత్తు అనండి. నేనూ వస్తాను, మోకాలు తగ్గాక.”

చూడ అన్నా చూచి అన్నా గురువూ లఘువే. గణం చెడలేదు, యతి ఎలాగూ కునుకు దగ్గరుంది. పునరుక్తికి నేను రాసుకున్న సమాధానం ఒక్కటే చెడింది. బోర్డింగ్ పాసు వెనక ‘చి’ కొట్టేసి ‘డ’ దిద్దాను. గేటు దగ్గర అమ్మాయి ఆ పాసు తీసుకుని సగం చింపి, పద్యమున్న సగం నాకిచ్చింది.